దాలమ్మ దించిన గుండు

కీర్తీ, విహాన్, ముందు ఒక ప్రశ్న. జవాబు చెబితేనే కథ. నేల మీదున్న నిండు బిందెని ఎత్తాలంటే ముందు ఏది వంచాలి? నడుమా, మోకాళ్ళా?

చూశారా, ఇద్దరూ నడుమే అన్నారు! అందుకే మధ్యాహ్నం మావయ్య డంబెల్ ఎత్తబోయి ఒకరు "అమ్మో" అని కూలబడ్డారు. ఎవరో నేను చెప్పనులే. పడుకోండి, చెబుతాను.

అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరిదీ ఉప్పు పనే. అక్కడ దాలమ్మ అని పద్దెనిమిదేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళమ్మ లేదు. నాన్న గురవయ్య ఉప్పు బస్తాలు మోసే కళాసీ. ఒకరోజు ఆయన నడుం పట్టేసింది. మంచం ఎక్కినవాడు మళ్ళీ బస్తా ఎత్తలేకపోయాడు.

అప్పుడు దాలమ్మ మేస్త్రీ సింహాద్రి దగ్గరికి వెళ్ళింది. "మా అయ్య చోటు నాకియ్యి బాబూ" అంది. ఆ చోటు పోతే వాళ్ళింట్లో పొయ్యి వెలగదు మరి.

"ఓలమ్మో, నువ్వా!" అని సింహాద్రి నవ్వాడు. తర్వాత ఉప్పు నిలవచేసే కొటారు దగ్గరున్న నల్ల రాతిగుండు చూపించాడు. గుమ్మడికాయలా నున్నగా ఉంటుంది, పట్టు దొరకదు. "దాన్ని భుజానికెత్తినోళ్ళే కళాసీలు. మాఘమాసంలో ఉప్పు తీత మొదలయ్యే రోజుకి ఎత్తితే చోటు నీది. లేదంటే ఇంకొకరిది" అన్నాడు.

అప్పటికింకా వానాకాలం. దాలమ్మ ఆ సాయంత్రమే గుండు ఎత్తాలని బయల్దేరింది. గురవయ్య మంచం మీంచే కేకేశాడు.

"ఆగే! నానెత్తినట్టు ఎత్తీవంటే నా పక్కనే ఇంకో మంచం వెయ్యాల. ముందు ఆ ఖాళీ గోనె తే."

ఆ తర్వాత ఒక కర్ర తెమ్మన్నాడు. దాన్ని ఆమె వెన్ను పొడుగునా ఆనించి పట్టుకోమన్నాడు. వంగినా, లేచినా ఆ కర్ర మూడు చోట్ల తగులుతూనే ఉండాలి. తల వెనక, వీపు మీద, నడుము కింద. ఒక్క చోట వదిలేసినా నడుం గూనిపడిందని లెక్క. కాళ్ళు భుజాలంత ఎడం పెట్టాలి. పిరుదులు వెనక్కి నెట్టి మోకాళ్ళు వంచాలి. గాలి పీల్చి పొట్ట బిగించి, కాళ్ళతో నేలని కిందికి తొక్కుతున్నట్టు లేవాలి. కర్రతో అలా వంగడం కుదిరాకే గోనె చేతికిచ్చాడు. దాన్ని ఒంటికి దగ్గరగా పట్టుకుని లెమ్మన్నాడు.

పది రోజులు ఖాళీ గోనే! గోడ పక్కనుంచి అమ్మలక్కలు చూసి, "ఏటే దాలమ్మా, గోనె బరువుగుందేటే? నాను పట్టీదా?" అని ఒకటే వేళాకోళం. దాలమ్మకి ఏడుపొచ్చేది. అయినా ఎత్తింది.

అప్పుడు గోనెలో ఒక కుంచం, అంటే ఒక కొలపాత్ర నిండా, ఉప్పు పోశారు. పదిసార్లు వంకర లేకుండా ఎత్తితేనే ఇంకో కుంచం. ఒకరోజు ఎత్తితే మర్నాడు విశ్రాంతి. కండ బలపడేది ఆ విశ్రాంతిలోనే పిల్లలూ, మీరు నిద్రలో పెరిగినట్టు.

కార్తీకంలో ముసురు పట్టింది. ఉప్పు చెమ్మ పీల్చుకుంటుంది కదా, నిన్నటి బస్తాయే ఇవాళ బరువెక్కింది. "రెండు కుంచాలు తీసెయ్" అన్నాడు గురవయ్య.

"తీసేస్తే వెనక్కెళ్ళిపోనూ?" అంది దాలమ్మ. ఉప్పు పనివాళ్ళకి కుంచాల లెక్కే లెక్క. తీయకపోగా, నాన్న కన్నంటుకోగానే ఇంకో కుంచం పోసింది. గబుక్కున లాగింది. నడుం కలుక్కుమంది.

మూడు రోజులు మంచం పట్టింది. గురవయ్య తిట్టలేదు. "కుంచాలు లెక్కెట్టకే. నీ ఒళ్ళు ఎలా లేస్తందో అది లెక్కెట్టు" అన్నాడు అంతే.

నొప్పి పూర్తిగా తగ్గాక దాలమ్మ మళ్ళీ ఖాళీ గోనె పట్టుకుంది. ఈసారి గోడ పక్కన నవ్వులు ఆమె చెవికెక్కలేదు. బస్తా నిండింది. ఆ తర్వాత చిన్న గుండు, దాని తర్వాత కాస్త పెద్దది.

మాఘమాసం వచ్చింది. ఊరంతా కొటారు దగ్గర చేరింది. మొదటిసారి గుండు మోకాళ్ళ దాకా వచ్చింది. నడుం వంగబోతోందని తెలిసి దాలమ్మ వదిలేసింది. "ఇంటికెళ్ళి గోనె ఎత్తుకో!" అని ఎవరో అరిచారు. రెండోసారి పొట్ట దాకా వచ్చి చెయ్యి జారింది. అప్పుడు ఆమె కూర్చుని, ఊపిరి కుదుటపడేదాకా ఆగింది. మూడోసారి పాదాలు సర్దుకుంది. గాలి పీల్చింది. గుండు తొడ మీదికి, గుండెల మీదికి, భుజం మీదికి వచ్చేసింది.

ఇంట్లో గురవయ్య చెవులు రిక్కించి వింటున్నాడు. ఎత్తినవాళ్ళు గుండుని భుజం మీంచి ధబ్బుమని పడేసేవారు, ఆ చప్పుడు ఊరంతా వినపడేది. ఎంతసేపు చూసినా చప్పుడు లేదు. పాపం, ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

కాసేపటికి దాలమ్మ వచ్చింది.

"పోన్లేయే, వచ్చే ఏడాది చూద్దుం" అన్నాడు, ఇటు తిరగకుండానే.

"ఎత్తీసేనయ్యా."

"చప్పుడు రానేదు?"

"మెల్లగా దించేను. నోళ్ళెళ్ళబెట్టి సూసేరు అందరూ. రేపు పొద్దున్నే పనిలోకి రమ్మన్నాడు మేస్త్రీ."

గురవయ్య ఇటు తిరిగాడు. ఆమె నిలబడిన తీరు చూశాడు. "నడుం నొప్పెడతందేటే?" అని అడిగాడు.

"నేదయ్యా."

"అయితే ఎత్తినట్టే" అన్నాడు.

గుండు నేలకి, కథ కంచికి; మీరు దుప్పట్లోకి, నేను వంటింట్లోకి. పాలకింకా తోడు వెయ్యలేదు, గోరువెచ్చగా ఉండగానే వెయ్యాలి. కళ్ళు మూసుకోండి, వెళ్ళొస్తాను.