పడమటి కిటికీలు

అచ్యుతయ్య గారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పరు. లేచి, చెప్పులేసుకుని, వాడి వెంట నడుస్తారు.

ఆ రోజు అడిగినవాడు శిష్యుడు గవర్రాజు. కాకినాడలో పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దే ఆఫీసు అతనిది. "గురువుగారూ, కొత్త హాల్లోకి మారాక మావాళ్లకి బద్ధకం పట్టుకుంది. తలనొప్పంటారు, సెలవంటారు. తప్పులు దొర్లి ప్రచురణకర్తలు చేజారిపోతున్నారు. అందరిలోకీ బాగా దిద్దే సత్యవేణి కూడా కునికిపాట్లే! రేపు ఆవిణ్ని మానిపించేస్తున్నాను. ఈ బద్ధకానికి మందేమిటి?"

ఆయన లేచారు. హాల్లో ఏసీ చల్లగా ఉంది, కాళ్ల కింద మెత్తని కార్పెట్. హాలుకి ఉన్నవే పడమటి కిటికీలు; వాటి చోట మాత్రం గోడ కట్టేసి ఉంది. అటు తెరిచి ఉంటే లక్ష్మి వెళ్లిపోతుందని వాస్తు సిద్ధాంతి చెప్పాడట. గవర్రాజు ఆ సంగతి గర్వంగానే చెప్పుకున్నాడు. తన గదికి మాత్రం చక్కటి బాల్కనీ ఉంచుకున్నాడు.

"మధ్యాహ్నం దాకా ఆ అమ్మాయి కుర్చీలో నువ్వు కూర్చో, నీ కుర్చీలో ఆ అమ్మాయి కూర్చుంటుంది" అన్నారు గురువుగారు. ఉద్యోగం పోబోతోందని సత్యవేణికి అప్పటికే ఎవరో చెవిన వేశారు పాపం. బిక్కుబిక్కుమంటూ కాగితాలు పట్టుకుని బాల్కనీ గదిలోకి వెళ్లింది.

చిన్నపిల్లల పుస్తకం నాకో లెక్కా అనుకుంటూ మొదలెట్టాడు గవర్రాజు. కాసేపటికి చెమ్మెక్కిన కార్పెట్ వాసన, గోడల రంగు వాసన ముక్కుకెక్కాయి. తల దిమ్మెక్కింది. అక్షరాలు అలుక్కుపోయాయి. ఒక్క క్షణం కళ్లు మూద్దామనుకున్నాడు, అంతే!

మధ్యాహ్నం గురువుగారు ఇద్దరి కాగితాలూ తెప్పించారు. సత్యవేణి దిద్దిన వాటిలో ఎంత వెతికినా తప్పు దొరకలేదు సరికదా, ఇంతకుముందు ఎవరి కంటా పడని తప్పొకటి పట్టేసింది. ఏం కళ్లండీ ఆ పిల్లవి! ఇక గవర్రాజు అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టిన పేజీని ఆయన పైకి చదివారు: "కోడి పాలిచ్చును. ఆవు గుడ్లు పెట్టును."

హాలంతా నవ్వాపుకోలేక అవస్థ పడింది. గవర్రాజు ముఖం కందగడ్డయింది. కోపం రావాల్సిన చోట అతనికి గురువుగారి కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది. ఒక్క మాట వాదించకుండా ఎంత మాట చెప్పారు!

"సత్యవేణమ్మా, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు" అన్నాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంది. అతను గురువుగారి వైపు తిరిగి, "లక్ష్మి పోకూడదనే కదండీ మూయించాను" అని గొణిగాడు.

వెళ్లబోతూ ఆయన ఆ గోడను వేలితో ఓసారి తట్టారు.

"మరి ఆవిణ్ని ఏ దారిన రమ్మన్నావు నాయనా?"