సన్నెమ్మ పువ్వు

కొండలింకా మోకాలెత్తున ఉన్న రోజుల్లో, ఒక ఊళ్ళో దాలమ్మ అనే అత్త, సన్నెమ్మ అనే కోడలు ఉండేవారు. కొడుకు ఏడాదంతా పడవల మీదే. వీళ్ళకి పెరట్లో గుమ్మడిపాదు ఒక్కటే ఆధారం. కాయలు అటక మీద దాచుకుని కరువు నెలలు గడిపేవారు.

గుమ్మడికి రెండు రకాల పూలు. అడుగున పిందె ఉంటే ఆడపువ్వు. పిందె లేకుండా, నడుమ పుప్పొడి అద్దుకున్న కాడ ఉంటే పోతుపువ్వు. ఊళ్ళో పోతుపూలు కొన్ని కోసి వేపుడు చేసుకునేవారు, కొన్ని వదిలేసేవారు. అలా వదిలేస్తే దాలమ్మకి ఒళ్ళు మంట.

"పిందె లేని పువ్వెందుకే? కూరలోకి!" అనేది.

సన్నెమ్మ అత్త మాట జవదాటదు. తెల్లారకుండానే లేచి, చేతికందిన పోతుపువ్వల్లా కోసేసేది. మొగ్గల్ని కూడా మిగిల్చేది కాదు.

మొదటి పిందె పసుపెక్కి రాలింది. దాలమ్మ ఉలిక్కిపడింది. రెండోది కుళ్ళి రాలింది. దాలమ్మ నోరు నొక్కుకుంది. మూడోదీ రాలేసరికి కోడలి మీద విరుచుకుపడింది.

"ఓలమ్మో! నీ చెయ్యి తగిలే పాదు చచ్చిందే! ఇంకో పిందె రాలిందా, నువ్వు పుట్టింటికి పోవాల్సిందే!"

"అత్తా, పాక మీదకి చూడు. అక్కడి పూలు నాకందవు, కొయ్యలేదు. అక్కడ మాత్రం కాయుంది."

దాలమ్మ తలెత్తింది. గడ్డికప్పు మీద బిందెంత కాయ!

"పిందె లేని పువ్వు పిందెని నిలబెడతాదా? ఇదేం చోద్యమే!"

మర్నాడు ముసురు. పెరట్లో ఆఖరి ఆడపువ్వు విచ్చింది. పోతుపువ్వేమో పాక మీదే ఉంది. "దాని పుప్పొడి తెచ్చి దీనికద్దుతానత్తా" అని సన్నెమ్మ కొంగు బిగించి పాక ఎక్కింది.

"దిగవే! పోతే పోయింది!"

"ఇదీ రాలితే పుట్టింటికి పొమ్మన్నావు కదత్తా!" అని నవ్వి, పువ్వు తుంచింది.

తడిసిన కప్పు కుంగింది. సన్నెమ్మ వచ్చి రోటి మీద పడింది. అంతే, మళ్ళీ కదల్లేదు.

దాలమ్మకి ఏడుపు రాలేదు. కోడలి గుప్పిట విప్పింది. పువ్వు నలగలేదు. పుప్పొడి తడవనైనా లేదు. తర్వాత లేచి, ఆ పుప్పొడిని ఆడపువ్వులో అద్దింది.

ఆ పిందె నిలిచింది, పండింది. దాలమ్మ ముక్కైనా నోట పెట్టలేదు. గింజలు ఊరంతా పంచింది.

ఇప్పటికీ ఆ వైపు గుమ్మడిపూలు కోసేవాళ్ళు పాదుకో పోతుపువ్వు వదిలేస్తారు. కొత్తకోడలు తెలియక దాని మీద చెయ్యి వేస్తే అత్తలు అదిరిపడతారు.

"ముట్టకే! అది సన్నెమ్మది!"