నీళ్ళలో చలవ ఎవరెత్తుకుపోయారు?

అనగనగా ఒక ఊళ్ళో, ఎండాకాలం చెప్పుల్లేకుండా వాకిట్లోకి కూడా దిగలేని ఊళ్ళో, ఇద్దరు తోడికోడళ్ళు ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. పెద్దామె తిరపతమ్మ, చిన్నామె శేషారత్నం. ఇద్దరికీ పొయ్యి ఒకటే. పిల్లలందరికీ రాత్రిపూట చాప కూడా ఒకటే, ఒకరి మీద ఒకరు కాళ్ళేసుకుని పడుకునేవాళ్ళు, అచ్చం నీలాగే. ఊఁ కొడుతున్నావా?

ఒక వేసవిలో అన్నదమ్ములిద్దరూ కలిసి కొత్త ఫ్రిజ్జు తెచ్చి వసారాలో పెట్టారు. నీళ్ళ కోసం దాని తలుపు తియ్యక్కర్లేదు. తలుపుకి బయట చిన్న గూడు ఉంటుంది, అందులో గ్లాసు పెట్టి నొక్కితే నీళ్ళొస్తాయి. లోపలివైపు తలుపుకే ఒక డబ్బా ఉంటుంది, అందులో నీళ్ళు మనమే పొయ్యాలి.

తిరపతమ్మ డబ్బా నింపింది. కాసేపటికే వెళ్ళి గ్లాసు పెట్టి నొక్కింది. ఉత్త బోరు నీళ్ళలా ఉన్నాయి. పోసి ఎంతోసేపు కాలేదు, అయినా అనుమానం వచ్చేసింది. చల్లటివి శేషారత్నం తాగేసి, మామూలువి పోసి ఉంటుంది అనుకుంది. తలుపు తీసి, డబ్బా ఊడదీసి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ తన చేత్తోనే నింపింది.

ఆ తర్వాత శేషారత్నం కొడుకు మూతి తుడుచుకుంటూ అటుగా వెళ్ళాడు. గూట్లో మూతి పెట్టి తాగాడేమో, ఎంగిలయ్యాయేమో అనిపించింది. మళ్ళీ పారబోసింది, మళ్ళీ నింపింది.

ఆ తర్వాత ఒకరోజు డబ్బా పక్కన నిమ్మకాయ కనపడింది. పులిహోరకని తెచ్చిన కాయే అది. కానీ తిరపతమ్మకి చేతబడేమోనని అనుమానం. నీళ్ళ పక్కన నిమ్మకాయ ఎవరైనా ఎందుకు పెడతారు? ఈసారి డబ్బాని పసుపునీళ్ళతో కడిగి మరీ నింపింది.

నీళ్ళు మాత్రం చల్లబడలేదు.

అటు శేషారత్నం ఏమీ తక్కువ తినలేదు. అక్క వంటింట్లోకి వెళ్ళిందో లేదో తనూ వచ్చి నొక్కి చూసేది. చల్లటివన్నీ అక్క తన పిల్లలకి తాగించి, నాకివి మిగిల్చింది అనుకునేది. తనూ తలుపు తీసేది, తనూ పారబోసేది, తనూ నింపేది.

అప్పుడు ఇద్దరి మధ్య మాటలు తగ్గాయి. కూరగిన్నె చేతికివ్వడం మానేసి గట్టు మీద పెట్టడం మొదలైంది. చివరికి తిరపతమ్మ మొగుడితో చెప్పేసింది, ఇంటికి నడిమధ్యన గోడ కట్టించమని. ఇటికలు వచ్చి వాకిట్లో పడ్డాయి. పిల్లలు వాటి మీదెక్కి, మన చాప ఎటువైపు వెళ్తుందని అడిగారు.

ఇంతలో ఆడపడుచు కూతురి పెళ్ళి వచ్చింది. ఇద్దరూ వెళ్ళక తప్పదు. ముందు నువ్వు నడువంటే నువ్వు నడువనుకున్నారు. ఒకరు తాళం వేస్తే ఇంకొకరు లాగి చూశారు. పెళ్ళిపందిట్లో కూడా ఒకరు కనపడకపోతే, ఇంటికి వెళ్ళిపోయిందేమోనని ఇంకొకరు లేచి వెతికారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చారు. తిరపతమ్మ చెప్పులు కూడా విప్పకుండా పోయి నొక్కింది. ఒక్క గుక్కకే పళ్ళు జివ్వుమన్నాయి.

"చూశావా. నువ్వింట్లో లేవు, నీళ్ళు చల్లబడ్డాయి," అంది.

శేషారత్నం ఇంకో గ్లాసు పట్టుకుని తాగింది. మూతి తుడుచుకుంది.

"నువ్వు మాత్రం ఉన్నావా అక్కా?" అంది.

తిరపతమ్మ గ్లాసు కింద పెట్టింది. మెల్లగా, "నువ్వూ పారబోసేదానివా?" అని అడిగింది.

"రోజూ. నువ్వు పోసినవని."

సాయంత్రం మేస్త్రి తాపీ పట్టుకుని వచ్చాడు. గోడ ఎక్కడమ్మా అంటే, గోడ వద్దు, ఫ్రిజ్జుకి ఎదురుగా ఒక అరుగు కట్టమంది తిరపతమ్మ.

అనుమానం అంత తొందరగా పోతుందా ఏంటి? పొద్దున్నే డబ్బా నింపి ఇద్దరూ ఆ అరుగెక్కి కూర్చునేవాళ్ళు, రెండో మనిషి లేచి తలుపు తీస్తుందేమోనని కాపలాకి. ఊరికే కూర్చోలేక చింతపండులో గింజలు తీసేవాళ్ళు. చేతిలో చింతపండు ఉన్నాక నోరు ఊరుకోదు కదా, మాటలు వాటంతటవే వచ్చేవి. మధ్యాహ్నానికి నీళ్ళు చల్లబడేవి. ముందు నువ్వు తాగంటే నువ్వు తాగనుకునేవాళ్ళు. పిల్లల చాప ఎటూ వెళ్ళలేదు.

కథేమో కంచికి,
ఇటికలేమో అరుగుకి,
చల్లనీళ్ళు గొంతుకి,
నువ్వేమో నిద్దరకి,
నేనేమో నీ పక్కకి.