గవరమ్మ విస్తరి

ఏరు ఇప్పుడున్న చోట కాకుండా ఊరికి అటుపక్క పారే రోజుల్లో, మన తాతల తాతలకి ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, పందిరివలస అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒక ఒంటరి మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఉన్నదల్లా ఒక పూరిపాక, ఆ పాక మీదికి ఎగబాకిన బొబ్బరి తీగ.

ఆ తీగకి కాయలు మూరెడేసి పొడవున వేలాడేవి. ఊళ్ళో ఆడవాళ్ళంతా బొబ్బరికాయల్ని గుప్పెటపట్టి కత్తిపీట మీద తరిగేవాళ్ళు. గవరమ్మ మాత్రం ఒక్కొక్క కాయనే తీసి చేత్తో విరిచేది. టప్పుమని విరిగిందా, గిన్నెలో వేసేది. విరక్కుండా వంగిందా, పక్కన చాటలో వేసేది.

"టప్పుమంటే కూరకి, వంగితే విత్తుకి" అని తనలో తాను అనుకుంటూ విరిచేది.

"కత్తిపీట లేదేటే గవరమ్మా, ఇంత సేపు కూకున్నావు?" అని ఎవరైనా నవ్వితే, "కత్తికి లేతా ముదురూ ఏటి తెలుస్తాది? ఏలికి తెలుస్తాది" అనేది.

ఆ విరిచిన ముక్కల్ని ఉడకబెట్టి, నువ్వులు వేయించి దంచి చల్లి, చివర ఆవ నూరి కలిపేది. ఆ కూర తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కోవడానికి బద్ధకించేవాళ్ళట. అందుకని ఊళ్ళో ఏ శుభమైనా, ఏ అశుభమైనా పొయ్యి దగ్గర గవరమ్మే.

గవరమ్మకి ఒకటే కోరిక. బంతిలో కూర్చోవాలి. తన ముందు విస్తరి వెయ్యాలి. ఇంకొకరు వంగి, "ఇంకాస్త వెయ్యనా?" అని అడిగి వడ్డించాలి. మీరు నవ్వుతారేమో, మీకు రోజూ ఎవరో ఒకరు వడ్డిస్తున్నారు గనక. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తన కంచంలో తనే పెట్టుకు తిన్న మనిషికి తెలుస్తుంది ఆ కోరిక ఎంత పెద్దదో.

ఊరికి పెద్ద నాయుడుగారు. ఆయన ఇల్లాలిని నాయురాలమ్మ అనేవాళ్ళు. పేరు అన్నపూర్ణమ్మ. పెట్టినవాళ్ళని ఏమనగలం!

నాయుడుగారి కొడుక్కి పెళ్ళి కుదిరింది. గవరమ్మ తెల్లారకముందే వెళ్ళి మూడు గంపల బొబ్బరికాయలు విరిచింది. టప్పుమంటే కూరకి, వంగితే విత్తుకి. వంటయ్యాక చేతులు తుడుచుకుని అడిగింది.

"నాయురాలమ్మా, నాకూ ఒక ఇస్తరి ఎయ్యండమ్మా."

"దానికేటే! ఆకరి బంతిలో కూకుందువుగాన్లే" అంది నాయురాలమ్మ.

ఒక బంతి లేచింది. రెండో బంతి లేచింది. మూడో బంతి లేచింది. ఆఖరి బంతి వేసేసరికి కూర గుండిగ అడుగు గోకుతున్నారు. "నీ కూర అంత బాగుంది మరి, ఏటి చెయ్యమంటావు?" అని నవ్వింది నాయురాలమ్మ. గవరమ్మ కూడా నవ్వింది. పిచ్చిది, అది మెప్పనుకుంది.

రెండేళ్ళు తిరిగాయి. మనవడికి అన్నప్రాసన. మళ్ళీ గవరమ్మ వెళ్ళింది, మళ్ళీ విరిచింది, మళ్ళీ వండింది, మళ్ళీ అడిగింది.

"ఆకరి బంతిలో కూకుందువుగాన్లే."

ఈసారి నిజంగానే కూర్చోబెట్టారు. విస్తరి వేశారు. నీళ్ళు చల్లుకుంది. అన్నం వడ్డించారు, పప్పు వడ్డించారు. కూర గరిట పక్క విస్తరిదాకా వచ్చింది. అంతలో వీధిలో బండి ఆగింది. దిగింది వియ్యంకుడి బావమరిది. విస్తళ్ళు నిండుకున్నాయి.

నాయురాలమ్మ గబగబా వచ్చి గవరమ్మ భుజం తట్టింది. "లెగు గవరమ్మా. ఇంటిమనిషివి, నీకేటి, పెరట్లో తిందువుగాన్లే."

విస్తరి ముందు కూర్చున్న మనిషిని లేపకూడదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. పగవాడినైనా తిననిచ్చి అప్పుడు పొమ్మంటారు. ఆ బంతిలో నలభై మంది ఉన్నారు. ఒక్కరూ నోరు మెదపలేదు. నోటినిండా గవరమ్మ కూరే ఉంది మరి.

గవరమ్మ లేచింది. ఆ పూట పెరట్లో కూడా తినలేదు. ఇంటికి పోయి పొయ్యి వెలిగించనూ లేదు.

కొన్నేళ్ళు గడిచాయి. గవరమ్మ నడుం వంగిపోయింది. నాయుడుగారి తండ్రి పోయాడు. పదో రోజున ఆయనకి విస్తరి వేసి, ఇష్టమైనవన్నీ వడ్డించి ఏటిగట్టున పెట్టారు. కాకి వచ్చి ముట్టింది. పెద్దాయన తృప్తిగా వెళ్ళారని అందరూ చేతులు జోడించారు.

గవరమ్మ దూరం నుంచి చూసి నాయురాలమ్మతో అంది, "సచ్చిన మావగారికి ఇస్తరేసి దండం పెట్టినారు. బతికున్నదాన్ని, నాకెయ్యరేటమ్మా?"

"ఎల్లుండి బోజనాలున్నాయి కదేటి. ఆకరి బంతిలో కూకుందువుగాన్లే."

భోజనాల రోజున గవరమ్మ తన విస్తరి తనే కుట్టి తెచ్చుకుంది. మోదుగాకులు, ఈనెపుల్లలు, ముచ్చటగా గుండ్రంగా. ఈసారి విస్తళ్ళు చాలవని ఎవరూ అనకూడదు కదా. ముందురోజు నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టలేదు. బాగా ఆకలితో కూర్చోవాలని ఆమె ఆశ.

మూడు గంపలు విరిచింది. మూడు గుండిగలు వండింది. గోడకి చేరగిలబడి, విస్తరి ఒళ్ళో పెట్టుకుని, పిలుస్తారని చూస్తూ కూర్చుంది.

ఒక బంతి లేచింది. రెండో బంతి లేచింది. మూడో బంతిలో కూర తక్కువైంది.

"గవరమ్మా, కూర!" అని కేకేశారు. పలకలేదు.

"గవరమ్మా, కూరేదే!" పలకలేదు.

"చెవుడొచ్చిందేటే నీకు!" అంటూ నాయురాలమ్మ పెరట్లోకొచ్చి భుజం తట్టింది. గవరమ్మ పక్కకి ఒరిగిపోయింది. ఒళ్ళోని విస్తరి మీద ఒక్క మెతుకు లేదు.

ఆమెకి పదో రోజు ఊరే చేసింది. ప్రేమతో చేశారనుకునేరు, భయంతో చేశారు. నిండు భోజనాల నాడు వండిన మనిషే ఆకలితో పోతే ఊరికి అరిష్టమని. ఆమె కుట్టుకున్న విస్తరినే ఏటిగట్టున పరిచారు.

గారెలు పెట్టారు. కాకి రాలేదు. పాయసం పోశారు. కాకి వచ్చి కంచె మీద వాలింది గానీ ముట్టలేదు. బొబ్బరికాయ కూర పెట్టారు. కాకి చూసి మొహం తిప్పుకుంది. కత్తిపీట మీద తరిగిన కూర అది, సగం పీచే.

అప్పుడు నాయురాలమ్మ గవరమ్మ పాక మీది కాయలు కోయించి, జీవితంలో మొదటిసారి చేత్తో విరవడానికి కూర్చుంది. టప్పుమంటే కూరకి, వంగితే విత్తుకి. వేళ్ళు నొప్పెట్టాయి, నడుం పట్టేసింది. తనే వండింది. తనే వంగి వడ్డించింది. కాకి కంచె దిగలేదు.

"మాటియ్యమ్మా" అన్నాడు ఊరి ముసలాయన. "ఏటి కావాలో నీకు తెల్దా?"

నాయురాలమ్మ ఏడ్చింది. "గవరమ్మా, ఇక నిన్ను లేపం. ఈ ఊళ్ళో ఏ బోజనాలైనా తొలి ఇస్తరి నీదే" అని నేల మీద చెయ్యేసి చెప్పింది.

కాకి దిగి మూడుసార్లు ముట్టి వెళ్ళింది.

అప్పటినుంచి ఆ చుట్టుపక్కల బొబ్బరికాయని కత్తిపీట మీద పెట్టరు. చేత్తోనే విరుస్తారు, "టప్పుమంటే కూరకి, వంగితే విత్తుకి" అనుకుంటూనే విరుస్తారు. ఏ పందిట్లో భోజనాలైనా బంతి మొదట్లో ఒక విస్తరి వేసి, బొబ్బరికాయ కూర వడ్డించి వదిలేస్తారు. అది గవరమ్మ విస్తరి. దాని ముందు ఎవరూ కూర్చోరు, దాన్నెవరూ ఎత్తరు.

మొన్న నేనూ అక్కడ ఒక పెళ్ళికి వెళ్ళాను. గవరమ్మ విస్తరికి అందరితోపాటు దండం పెట్టుకున్నాను. పెరట్లోకి చూస్తే ఒక ముసలమ్మ గోడకి చేరగిలబడి చెమట తుడుచుకుంటోంది. మూడు గంపలూ ఆమే విరిచిందట.

"ఆమెకి విస్తరి వెయ్యలేదేం?" అని అడిగాను.

ఇంటావిడ నా విస్తట్లో కూర వడ్డిస్తూ నవ్వింది.

"ఆకరి బంతిలో కూకుంటాదిలెండి" అంది.