కుడికి వంగే బంతి

విశాఖపట్నంలో సముద్రపు గాలి తగిలే ఒక గోల్ఫ్ మైదానంలో శర్వాణి అనే అమ్మాయి ఆడుతూ ఉండేది. ఆమె భుజాల్లో బలం ఎక్కువే గానీ, తన తప్పును సరిదిద్దుకునే ఓపిక తక్కువ.

దూరం కొట్టడానికి వాడే పొడవాటి కర్రను డ్రైవర్ అంటారు. శర్వాణి దానితో కొడితే బంతి రివ్వున లేచి, కొంతదూరం పోయాక కుడికి వంగిపోయేది. అందుకని ఆమె ముందే కాస్త ఎడమకు తిరిగి నిలబడేది. బంతి వంకర తిరిగి వచ్చి, వెళ్ళాల్సిన దారి మధ్యలోనే పడేది.

ఆట నేర్పే మేనత్త వసుంధర అది చూసి, "నువ్వు ఎడమకు తిరిగినకొద్దీ కర్ర బంతిని అడ్డంగా కోస్తుందే. వంపు ఇంకా పెరుగుతుంది" అంది.

"మధ్యలోనే పడుతోందిగా అత్తా! ఎలా వెళ్తే ఏం?"

వంపు పెరిగింది. శర్వాణి ఇంకొంచెం ఎడమకు తిరిగింది.

వేసవిలో రాష్ట్ర జట్టు ఎంపిక పోటీ వేరే ఊళ్ళో జరిగింది. జంటగా ఆడాలి. గెలిస్తే ఇద్దరికీ చోటు, ఓడితే ఇద్దరికీ లేదు. శర్వాణి జోడీ ఆమె స్నేహితురాలు తబస్సుమ్. బంతి వేయాల్సిన చివరి గుంత వరకు ఎదుటి జంటతో సమానంగా వచ్చారు. అక్కడ మొదటి దెబ్బ శర్వాణి వంతు. ఎడమపక్క దగ్గరగా జీడిమామిడి చెట్లు, కుడిపక్క నీళ్ళు. అలవాటుగా ఎడమకు తిరిగి కొట్టింది. బంతి ఠపీమని చెట్టుకు తగిలింది. ఓడిపోయారు.

తబస్సుమ్ కళ్ళు తుడుచుకుని, "రాలిన జీడిపళ్ళు ఏరుకుందామా?" అంది. తిట్టినా బాగుండేది అనిపించింది శర్వాణికి.

మర్నాడు తనే అత్త దగ్గరికి వెళ్ళింది. వసుంధర నేలమీద బంతి వెళ్ళాల్సిన దిక్కుకు ఒక కర్ర పెట్టి, పాదాలు, భుజాలు దాని వెంటే ఉంచమంది. బంతిని ఎడమ మడమకు ఎదురుగా, కాస్త ఎత్తుగా నిలబెట్టింది. "కుడి భుజం కొంచెం దించు. డ్రైవర్‌ను వెనక్కి లాగేటప్పుడు తొందరపడకు."

మొదట్లో బంతులన్నీ కుడివైపు చెరువులోకి పోయాయి.

"ఏమ్మా, చేపలు పడుతున్నావా?" అని చూసేవాళ్ళు నవ్వారు.

కాస్త ఎడమకు తిరిగితే చాలు, ఆ నవ్వులు ఆగిపోయేవి. పాదం జరగబోయేది. శర్వాణి నేలమీది కర్రను చూసి, మళ్ళీ సరిగ్గా పెట్టుకునేది. వానాకాలమంతా అలాగే గడిచింది. వంపు కొద్దికొద్దిగా తగ్గింది.

మరుసటి ఏడు, "ఈసారైనా జోడీని మార్చుకో" అని తబస్సుమ్‌కు చాలామంది చెప్పారు.

"నేనెందుకు మార్చాలి? తనే మారిందిగా" అంది తబస్సుమ్.

అదే మైదానం, అదే చివరి గుంత. మళ్ళీ సమానంగానే ఉన్నారు. శర్వాణి చెట్లను చూడలేదు, నీళ్ళను చూడలేదు. మడమ సరిచూసుకుంది, భుజం దించింది, నిదానంగా లాగి కొట్టింది. బంతి ఎత్తుగా లేచి, రెంటి మధ్య నుంచి తిన్నగా వెళ్ళి పడింది.

"అయ్యో, ఈసారి జీడిపళ్ళు లేనట్టే!" అని అరిచింది తబస్సుమ్. మిగిలిన దెబ్బలు ఇద్దరూ తడబడకుండా ఆడారు. జట్టులో చోటు దొరికింది.

అందరూ ఆ దెబ్బను మెచ్చుకుంటుంటే వసుంధర, "నేను మెచ్చుకునేది దీన్ని కాదు. నలుగురూ నవ్వుతున్నా పాదం జరపలేదు చూడండి, దాన్ని" అంది.

నీతి: తప్పుకు తగ్గట్టు మనం పక్కకు తిరిగితే తప్పు పెరుగుతుంది, నలుగురిలో నవ్వులపాలైనా సరే, దాన్ని మొదలు దగ్గరే సరిదిద్దుకోవాలి.