పాలకొల్లు నుంచి చుక్కలూ గీతలూ

"చెయ్యి తప్పు చేస్తుందండి, కంప్యూటరు చెయ్యదు. అలాంటప్పుడు ఈ మోర్స్ కీ పట్టుకుని మణికట్టు లాగేదాకా కొట్టుకోవడం ఎందుకండి మాస్టారండీ?" అని అరుంధతి అడిగిన పూట నేనక్కడే ఉన్నాను.

మాస్టారంటే పసుమర్తి కోదండపాణి గారు. ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా, అంటే ఒక్కో అక్షరాన్నీ చుక్కలుగా, గీతలుగా మోర్స్ కీ మీద కొట్టి కబుర్లు పంపే మనిషిగా పనిచేసి, చివరికి ఆ ఉద్యోగమే లోకంలో లేకుండా పోయాక కాకినాడలో స్థిరపడ్డారు. హామ్ రేడియో లైసెన్సు కావాలన్నవాళ్లకి పాఠం చెప్పేవారు. మధ్యలో ఏ కంపెనీ లేకుండా, సొంత రేడియోతో, ఎక్కడో ఉన్న మరొక సరదా మనిషిని పలకరించుకోవడమే హామ్ రేడియో అంటే. అరుంధతి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పే పంతులమ్మ, ఆ పాఠానికే వచ్చేది. నేను ఎదురింటివాణ్ణి. ఎప్పుడో బి.ఎస్సీ. ఫిజిక్సు చదివిన పుణ్యానికి రేడియో అంటే నాకు కొంత తెలుసని ఊళ్లో ఒక నమ్మకం ఉంది. దాన్ని నేను చెడగొట్టలేదు. నేను రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లేది మాత్రం కాఫీ కోసమని మా ఆవిడ అంటుంది.

మాస్టారికి ఒక అలవాటు. ప్రశ్న అడిగినవాళ్లకి జవాబు చెప్పరు. రెండో జత హెడ్‌ఫోను వాళ్ల ముందుకు తోసి, "విను" అంటారు. ఆ రోజూ అంతే చేసి, గడ్డం గీసుకోవడానికి వసారాలోకి వెళ్లిపోయారు.

అరుంధతి అడిగినదాంట్లో అన్యాయమేమీ లేదు. మాస్టారి రేడియోకి ఆమె తన లాప్‌టాప్‌ని ఒక తీగతో కలిపింది. మనం టైపు చేస్తే చాలు, అది మన మాటల్ని సన్నటి ఈలలుగా మార్చి పంపుతుంది. అవతలి కంప్యూటరు ఆ ఈలల్ని మళ్లీ అక్షరాలు చేసి తెరమీద పెడుతుంది. ఉరుముల గరగరలో మన చెవికి అందనిది కూడా అది ఏరుకొస్తుంది. మోర్స్ కావాలంటే అదీ కొడుతుంది, చుక్కా గీతా కొలబద్ద పెట్టి గీసినట్టు. మాస్టారు దాన్ని కసిరిందీ లేదు, మెచ్చిందీ లేదు.

రోజూ పొద్దున ఆ వేళకి ఓడల్లో పనిచేసి రిటైరైన వైర్‌లెస్ వాళ్లంతా రేడియోలో ఒకే చోట చేరి మోర్స్‌లో పలకరించుకుంటారు. ఎవరికి కాళ్ల నొప్పులు, ఎవరింట మామిడికాయ పచ్చడి, అంతకుమించి ఉండదు. వాళ్లలో వాళ్లకి రాయని మర్యాద ఒకటుంది. పిలిచినవాడు ఎంత నెమ్మదిగా పిలిస్తే అంత నెమ్మదిగానే బదులివ్వాలి. వాడికి అందని వేగంతో జవాబు చెప్పడం, వచ్చినవాడి మొహాన తలుపు వెయ్యడంతో సమానం.

ఆ పూట స్పీకర్లో ఎవరో పిలుస్తున్నారు. చుక్క గీతంత సాగుతోంది, గీత మధ్యలో విరుగుతోంది. ఒక అక్షరం సగంలో ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతోంది. లాప్‌టాప్ తెరమీద దానికి అర్థంలేని అక్షరాలు చెదురుమదురుగా పడ్డాయి.

"ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నవారండి. తప్పు తప్పని చెప్పకపోతే ఎలా దిద్దుకుంటారండి?" అని నాతో అని, అరుంధతి మూడక్షరాలు టైపు చేసింది: క్యూ, ఎస్, డి. 'నీ కీ కొట్టుడు బాగాలేదు' అని చెప్పడానికి వైర్‌లెస్ వాళ్ల సంకేతమది. పుస్తకంలో ఉన్నదే. కంప్యూటరు దాన్ని ముత్యాల్లా, వేగంగా కొట్టింది.

అవతల చప్పుడు ఆగిపోయింది.

మాస్టారు సగం మొహానికి సబ్బు నురుగుతో పరుగెత్తుకొచ్చారు. కుర్చీలో కూర్చోకుండానే కీ అందుకుని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పిలిచారు. ఆగి విన్నారు. మళ్లీ పిలిచారు. గరగర తప్ప ఏమీ లేదు.

"వాడు మా భాస్కరం," అన్నారు చివరికి. "పక్షవాతం వచ్చాక ఇవాళే వచ్చాడు. ఎడంచేత్తో కొడుతున్నాడు."

"తెరమీద ఒక్క అక్షరం సరిగా రాలేదండి. మీకెలా తెలిసిందండి?"

"చెయ్యి మారినా వాడు ఆగే చోటు మారలేదమ్మా."

నడకను బట్టి మనిషిని పోల్చుకున్నట్టే వీళ్లు కొట్టుడును బట్టి పోల్చుకుంటారని నేను విని ఉన్నాను గాని, కళ్లారా చూడడం అదే. మా కాలేజీలో ఒక డిమాన్‌స్ట్రేటరు ఉండేవారు, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినే ఆలస్యంగా వచ్చింది ఎవరో చెప్పేసేవారు. నా చప్పుడు ఆయనకి బాగా అలవాటు. అది వేరే సంగతి.

మాస్టారు పాలకొల్లు ఫోను చేస్తే చిట్టూరి భాస్కరం గారి భార్య రత్నాంబ గారు తీశారు. "ఫోను తీసుకోనంటున్నారు అన్నయ్యగారూ. నోరు పూర్తిగా తిరగదు కదా, నామోషీ. ఇన్ని నెలలూ ఎడంచేత్తో బల్లమీద టకటకా కొట్టుకుని, ఇవాళ రేడియో ముందు కూర్చున్నారు. ఏమైందో ఏమో, లేచొచ్చేసి ఎల్లుండి మనిషిని పిలిచి డాబామీద ఏరియల్ దింపించెయ్యమన్నారు. ఏరియల్ దిగితే ఈయన మంచం దిగరండీ. నాకు తెలుసు."

మరునాడు ముగ్గురం అమలాపురం మీదుగా పాలకొల్లు బస్సెక్కాం. నన్ను ఎవరూ రమ్మనలేదు. అరుంధతి దారంతా లాప్‌టాప్ సంచీ ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. చించినాడ వంతెన మీద గోదావరిని చూడమ్మా అని నేనంటే చూసింది గాని, ఆమె చూసింది గోదావరిని కాదు.

భాస్కరం గారు పడక కుర్చీలో ఉన్నారు. మాట సాగుతూ వస్తోంది, కాని అర్థమవుతోంది.

"ఏరా కోదండం, పరామర్శకొచ్చావా?"

"కాదు, కాఫీకి. ఏరియల్ దింపుతున్నావటగా, రాగి తీగ నాకిచ్చెయ్. బట్టలారేసుకుంటాను."

ఆయన మొహం ఒక పక్క మాత్రమే నవ్వింది. తరవాత ఆ నవ్వు కూడా పోయింది. "నిన్న ఎవడో కీ కొట్టాడ్రా. ఒక్క చుక్క జారలేదు, ఎంత శుభ్రంగా కొట్టాడనీ! వాడన్నది నిజమే. నాకిక చాలు."

అరుంధతి ఆయన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. "అది నేనేనండి."

"నీ చెయ్యి అంత బాగుంటుందా అమ్మాయ్?"

"చెయ్యి కంప్యూటరుదండి. మాట మాత్రం నాదేనండి. నా చేత్తో కొడితే మీకన్నా హీనంగా ఉంటుందండి."

భాస్కరం గారు 'పోనీలే' అనలేదు. అంత తేలిగ్గా పోయేది కాదది.

ఆమె సంచీలోంచి లాప్‌టాప్ తీసి, దీంతో ఒక వేలు చాలండి అంటూ ఏదో చెప్పబోయింది. ఆయన మొహం తిప్పుకున్నారు. "మర చేత మాట్లాడించుకునే గతి పట్టిందా నాకు?"

రత్నాంబ గారు కాఫీ గ్లాసులు బల్లమీద పెడుతూ, "పెరట్లోకి చేతికర్ర పట్టుకుని వెడుతున్నారుగా, నడుస్తున్నది కర్రా మీరా?" అన్నారు.

మాస్టారు కాఫీ తాగుతూ కూర్చున్నారు.

కొంతసేపటికి భాస్కరం గారు తనే కుర్చీని రేడియో బల్ల దగ్గరికి జరిపించుకుంటే, అరుంధతి లాప్‌టాప్‌ని రేడియోకి తగిలించింది. ఆయన ఎడంచేతి చూపుడువేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుని నొక్కారు. రేడియోలో ఈలలు సాగాయి. ఆగాయి. తెరమీద ఏమీ లేదు. మరోసారి నొక్కారు. ఆ తరవాత తెరమీద ఒక వరస మొదలైంది, చీమలు బారులు తీరినట్టు, ఒక అక్షరం వెనక ఒకటి. జపాను నుంచి ఎవరో ఒసాము అట. కోబె దగ్గర ఉంటాడట.

"కోబెలో వాన పడుతోందటే!" అని భార్యని కేకేశారు, ఆమె పక్కనే ఉన్నా. "మా ఓడ అక్కడ వారాలు పడి ఉండేది. అప్పుడూ వానే."

"ఏరియల్ మనిషిని ఏం చెయ్యమంటారు?" అన్నారావిడ.

"రావద్దను. వానగా ఉందని చెప్పు."

పాలకొల్లులో ఆకాశం అద్దంలా ఉంది. మేమంతా నవ్వాం. మాస్టారు మాత్రం బల్ల చివర గుడ్డ కప్పి ఉన్న మోర్స్ కీ వైపు ఒకసారి చూసి లేచారు. తిరుగు బస్సులో నేను, "మొత్తానికి కంప్యూటరే గెలిచిందండోయ్," అంటే, ఆయన నా చేతిలో ఒక వేరుశనక్కాయల పొట్లం పెట్టారు. నా నోరు మూయించాలంటే ఆయన చేసేపని అదే.

ఆ రోజు నుంచి భాస్కరం గారు పొద్దున్నే తెరమీద కనిపించేవారు. ఇడ్లీ తిన్నాననీ, పిల్లి పాలు తాగిపోయిందనీ, మలేషియాలో ఎవరో పలికారనీ. లాప్‌టాప్‌ని పాలకొల్లులోనే వదిలి వచ్చిన అరుంధతి మాస్టారి దగ్గరికి పాలిటెక్నిక్‌ది పాతదొకటి తెచ్చి పెట్టింది. భాస్కరం గారు రాసిన ప్రతి వరసా మాస్టారు కళ్లజోడు సవరించుకుని చదివి, ఒక్కో వేలితో జవాబు కొట్టేవారు. దానికి ఆయన చిన్నబుచ్చుకున్నట్టు నాకెప్పుడూ కనిపించలేదు. అరుంధతి మాత్రం సాయంత్రాలు వచ్చి, రేడియోకి కలపని ఒక కీ మీద సాధన మొదలెట్టింది. "ఎదురింట్లో కీచురాయి చేరిందా ఏమిటి?" అని మా ఆవిడ అడిగేది. నిజానికి ఆ కొట్టుడు కీచురాయికి కూడా పరువు తక్కువే.

ఒక పొద్దున తెరమీద ఎవరూ రాలేదు. అరుంధతి తీగలన్నీ ఊడదీసి మళ్లీ తగిలించింది, గడియారం చూసింది, ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేసింది. మాస్టారు స్పీకరు కొంచెం పెంచారు. గరగర అడుగున చుక్క ఒకటి సాగింది. గీత ఒకటి మధ్యలో విరిగింది.

తెరమీద పిచ్చి అక్షరాలు పడుతున్నాయి. అరుంధతి అటు చూడలేదు. కళ్లు మూసుకుని విని, మాస్టారి వైపు చూస్తే, ఆయన కుర్చీలోంచి లేచి కీ ముందు చోటిచ్చారు. ఆమె కూర్చుని, భాస్కరం గారు ఎంత నెమ్మదిగా పిలిచారో అంత నెమ్మదిగా బదులు కొట్టింది. రెండుచోట్ల తప్పింది. ఆగింది, మళ్లీ కొట్టింది. అవతలివారూ తప్పారు, ఆగారు, మళ్లీ కొట్టారు. వాళ్లు చెప్పుకున్నది పేర్లూ, ఊళ్లూ, పాలకొల్లులో ఇవాళ నిజంగానే వాన అన్న సంగతీ. దానికే నా కాఫీ చల్లారిపోయింది. రెండోది అడగాలని కూడా నాకు తోచలేదు.

ముగించాక అరుంధతి కళ్లు తుడుచుకుని, లాప్‌టాప్ తీగ ఊడదీసి చుట్టసాగింది.

"ఇక దీంతో పనిలేదండి మాస్టారండీ. రేపట్నుంచి ఆయన కీ మీదే వస్తారు కదండి?"

మాస్టారు ఆ తీగ ఆమె చేతిలోంచి తీసుకుని, మళ్లీ రేడియోకి తగిలించారు.

"రేపు వాడి చెయ్యి ఎలా ఉంటుందో ఎవరికి తెలుసమ్మా. రెండూ తెరిచి ఉంచు."