పదో నాటి కూడు

నీలాద్రి ఆశ్రమానికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గోవర్ధనస్వామి వసారాలో కూర్చుని చిరిగిన పంచె కుట్టుకుంటున్నారు.

"కాకి రావడం లేదు గురువుగారూ," అన్నాడు రొప్పుతూ.

వంశధార సముద్రంలో కలిసే చోట ఒక చిన్న పల్లె. అక్కడి జాలరి పోలయ్య కూతురు నూకాలమ్మ పోయి అది పదో రోజు. తొలి కాన్పుకి పుట్టింటికి తీసుకెళ్ళమని ఆమె తండ్రికి రెండుసార్లు కబురు పెట్టింది. ఇంకొక్క వేట అయ్యాక వస్తానన్నాడు. అతని పడవ ఒడ్డుకు చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు.

అత్తవారు దహనం చేసి ఊరుకున్నారు. మిగతా కర్మకు తండ్రే పూనుకున్నాడు. మంత్రం చెప్పడానికి నీలాద్రి వెళ్ళాడు. శాస్త్రం బాగా చదివినవాడు. పోయిన జీవుడు మళ్ళీ పుట్టేదాకా నడిచే దారంతా రోజూ పోలయ్యకు విప్పి చెప్పాడు. రోజుకో పిండంతో ఒక్కో అవయవం ఏర్పడుతుందని, పదో నాడు ఆకలిదప్పులు పుడతాయని, ఆనాడు పెట్టింది అందకపోతే ఏడాది పొడుగునా ఆకలితోనే నడవాలని.

"దర్భతో కాకిని చేసి ముట్టించవచ్చని చెప్పాను. 'గడ్డికాకి కూడు తింటాదా సామీ' అన్నాడు. పొద్దుటినుంచీ ఎండలో నిలబడే ఉన్నాడు. మూడు రోజులుగా పచ్చిగంగ కూడా ముట్టలేదట. ఇంకేదైనా పరిహారం ఉందా?"

స్వామి సూదిని పంచెకే గుచ్చి, లేచి, కర్ర అందుకున్నారు.

ఇసుకలో అరటాకు. ఆకులో అన్నం, చేపల పులుసు. నూకాలమ్మకు ఇష్టమైనవి. గాలికి మెతుకుల మీద ఇసుక పడుతోంది. దూరంగా వలల మీద కాకులు వాలి ఉన్నాయి. ఒక్కటీ ఇటు రాలేదు.

"నా గుంటకి నామీద కోపం తీరనేదు సామీ," అన్నాడు పోలయ్య. "ఆకలితో నడస్తన్నాదంట. ఈ బాబు సెప్పినాడు."

నీలాద్రి తల దించుకున్నాడు.

స్వామి ఆకు ముందు చతికిలబడ్డారు. "నాకు ఆకలిగా ఉంది పోలయ్యా. తింటాను."

"గురువుగారూ!" అన్నాడు నీలాద్రి. "అది ప్రేతానికి పెట్టింది. పైగా చేప..."

స్వామి అప్పటికే ముద్ద కలిపారు. పోలయ్య కదలకుండా చూస్తున్నాడు. రెండు ముద్దలు, మూడు ముద్దలు. ఇసుక పళ్ళ కింద కరకరలాడుతున్న చప్పుడు నీలాద్రికి వినిపించింది.

పోలయ్య అడిగాడు.

"ఉప్పు సరిపోనాదా సామీ?"

"తక్కువైంది."

పోలయ్య ముఖం ఒక్కసారి మారిపోయింది. "నానొండితే అదీ అదే మాటనేది," అన్నాడు. అని ఇసుకలో కూలబడ్డాడు. ఈ పది రోజుల్లో అతను ఏడవడం నీలాద్రి చూడలేదు. ఇప్పుడు ముసలివాడు ఒళ్ళంతా కదిలేలా ఏడ్చాడు.

ఏడుపు సద్దుమణిగాక స్వామి ఆకులో మిగిలింది అతని ముందుకు జరిపారు. పోలయ్య తిన్నాడు.

తిరిగి వస్తూ ఏటి గట్టు మీద స్వామి ఆగిపోయారు. పుట్టాక ఎన్నడూ చేప ముట్టని కడుపు. వంగి, తిన్నదంతా కక్కేశారు. నీలాద్రి ఆయన భుజాలు పట్టుకున్నాడు. ఆ ఎముకలు వణుకుతున్నాయి.

"అందిందా గురువుగారూ, ఆమెకి?"

"నాకు తెలీదు."

మబ్బు పట్టింది. అవతలి ఒడ్డు కనిపించడం లేదు.

"ఆ దారి నేను చూడలేదు నాయనా," అన్నారు స్వామి నోరు తుడుచుకుంటూ. "నువ్వు చూశావా?"

నీలాద్రి ఏట్లోకి దిగి దోసిలితో నీళ్ళు పట్టి తెచ్చాడు.